ఎన్‌బీఏ డ్రాఫ్ట్ వయోపరిమితి, స్కౌటింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రతి జూన్‌లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ డ్రాఫ్ట్ (జట్లు రెండు రౌండ్లలో వరుసగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) దగ్గర పడేసరికి అవే సందేహాలు మళ్లీ మొదలవుతాయి. అమెరికాలో ఉంటున్న తెలుగు మిత్రులూ అడుగుతారు, ఇక్కడ తెల్లవారుజామున 5:30కి లేచి డ్రాఫ్ట్ చూసేవారూ అడుగుతారు. వాటిని అడిగినవారి మాటల్లోనే ఒకచోట చేర్చాను. దేనికది విడిగా చదువుకోవచ్చు. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఈ వయోపరిమితి జట్లకు ఒక ఏడాది అదనపు సమాచారం ఇచ్చింది, దాని ఖర్చు మాత్రం పిల్లలు భరిస్తున్నారు.

## నిబంధన గురించి

ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లోకి రావాలంటే ఎన్నేళ్లు నిండాలి?

డ్రాఫ్ట్ జరిగే క్యాలెండర్ సంవత్సరంలో ఆటగాడికి 19 ఏళ్లు నిండాలి. అమెరికాలో చదివినవారికి రెండో షరతు కూడా ఉంది: హైస్కూల్ ముగిసి కనీసం ఒక ఎన్‌బీఏ సీజన్ గడవాలి. ఇతర దేశాల ఆటగాళ్లకు వయసు షరతు ఒక్కటే. వారు తమంతట తాము పేరు ఇవ్వకపోయినా, 22 నిండే సంవత్సరంలో వారి పేరు దానంతట అదే డ్రాఫ్ట్‌లో చేరుతుంది.

కూపర్ ఫ్లాగ్‌ను తీసుకున్న రోజున అతనికి 18 ఏళ్లే కదా?

అవును. అతను 2006 డిసెంబరు 21న పుట్టాడు, 2025 జూన్‌లో డాలస్ జట్టు అతన్ని మొదటి పిక్‌గా, అంటే అందరికన్నా ముందు ఎంపికగా తీసుకుంది. అదే ఏడాది డిసెంబరులో 19 నిండుతాయి కాబట్టి నిబంధనకు అడ్డు రాలేదు. హైస్కూల్‌ను ఒక ఏడాది ముందే ముగించడం వల్ల రెండో షరతు కూడా తీరింది. యానిస్ అంటెటోకున్‌పో కూడా డిసెంబరులో పుట్టినవాడే. 2013లో మిల్వాకీ అతన్ని 15వ పిక్‌గా తీసుకున్నప్పుడు అతనికీ 18 ఏళ్లే.

లెక్కలోకి వచ్చేది డ్రాఫ్ట్ తేదీ కాదు, సంవత్సరం. ఈ చిన్న తేడా వల్ల డిసెంబరులో పుట్టినవారికీ జనవరిలో పుట్టినవారికీ మధ్య ఏకంగా ఒక ఏడాది దూరం వస్తుంది. స్కూట్ హెండర్సన్ 2004 ఫిబ్రవరిలో పుట్టాడు. ఫ్లాగ్ లాగానే హైస్కూల్‌ను ముందే, 2021లో ముగించాడు. అయినా 19 నిండే సంవత్సరం 2023 కావడంతో డ్రాఫ్ట్ కోసం రెండు సీజన్లు ఆగాల్సి వచ్చింది.

ఈ నిబంధన ఎప్పుడు వచ్చింది, ఎవరు అడిగారు?

2005లో లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ కుదిరిన ఒప్పందంలో చేరింది, 2006 డ్రాఫ్ట్ నుంచి అమలైంది. అప్పటి కమిషనర్ డేవిడ్ స్టెర్న్ 20 ఏళ్లు కోరారు, బేరసారాల్లో 19 దగ్గర ఆగింది. స్కౌట్లూ (జట్ల కోసం కొత్త ఆటగాళ్లను చూసి అంచనా వేసేవారు) జనరల్ మేనేజర్లూ హైస్కూల్ జిమ్‌ల చుట్టూ తిరగడం తనకు నచ్చడం లేదని ఆయన బహిరంగంగానే చెప్పేవారు. అంటే స్కౌటింగ్‌ను మార్చడం ఈ నిబంధనకు మొదటి నుంచీ ఉన్న లక్ష్యం.

చరిత్ర ఇంకా వెనక్కి వెళుతుంది. ఒకప్పుడు హైస్కూల్ తర్వాత నాలుగేళ్లు గడిస్తే గానీ ఎన్‌బీఏలో అడుగుపెట్టనిచ్చేవారు కాదు. 1968 ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన స్పెన్సర్ హేవుడ్ 1970లో సియాటెల్‌తో ఒప్పందం చేసుకుని, అడ్డొచ్చిన నిబంధన మీద కోర్టుకెక్కాడు. 1971లో సుప్రీంకోర్టులో అతనికి అనుకూలంగా తీర్పు వచ్చింది. 1995లో కెవిన్ గార్నెట్ హైస్కూల్ నుంచి నేరుగా ఐదో పిక్‌గా రావడానికి దారి వేసినవాడు హేవుడ్. ఈ తరం అభిమానుల్లో అతని పేరు తెలియనివారు ఎక్కువ, అది నాకు బాధగానే ఉంటుంది.

ఓటు హక్కు 18కే వస్తుంది. మరి 18 ఏళ్ల వాడికి ఉద్యోగం ఇవ్వకపోవడం కోర్టులో ఎలా నిలుస్తుంది?

సంఘంతో చర్చించి రాసుకున్న ఒప్పందంలో ఉన్న షరతుకు కార్మిక చట్టం రక్షణ ఇస్తుంది. యజమానులు తమలో తాము కూడబలుక్కుని పెట్టుకున్న షరతుకు ఆ రక్షణ ఉండదు. 2004లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు మారిస్ క్లారెట్ ఎన్‌ఎఫ్‌ఎల్ వయసు నిబంధనను సవాలు చేసినప్పుడు అప్పీలు కోర్టు లీగ్ పక్షానే నిలిచింది. బయటినుంచి చూస్తే అన్యాయంగా కనిపించేది ఒకటుంది: ఆ ఒప్పందం మీద సంతకం చేసిన సంఘంలో 18 ఏళ్ల వాడికి ఇంకా సభ్యత్వమే లేదు.

## హైస్కూల్ దశ

2006కు ముందు స్కౌట్లు హైస్కూల్ పిల్లలను ఎలా అంచనా వేసేవారు?

ఎక్కువ భాగం శరీరాన్ని చూసి, మిగతాది ఊహతో. ఆరడుగుల పదకొండంగుళాల కుర్రాడు తన భుజం దాకా కూడా రాని పిల్లల మీద ఆడుతుంటే ముప్పై పాయింట్లు కొట్టినా దాని నుంచి తెలిసేది తక్కువ. అందుకే స్కౌట్లు పాయింట్లను పక్కనపెట్టి చేతుల పొడవు, పాదాల కదలిక, బంతి పట్టే తీరు చూసేవారు. తప్పు చేశాక కోచ్ మాటకు ఎలా స్పందించాడో గమనించేవారు. మేటి కుర్రాళ్లు ఒకరిమీద ఒకరు ఆడే వేసవి టోర్నమెంట్లే కొంత నమ్మదగిన పరీక్ష. వాటితో పాటు జట్లు తమ జిమ్‌కు పిలిపించి ఆడించి చూసేవి.

2001లో క్వామీ బ్రౌన్‌ను వాషింగ్టన్ మొదటి పిక్‌గా తీసుకుంది. హైస్కూల్ నుంచి నేరుగా ఆ స్థానానికి వచ్చిన మొదటి ఆటగాడు అతనే. ఆశించిన ఎత్తుకు ఎదగలేదు. అయినా 12 సీజన్లు ఆడాడు.

హైస్కూల్ నుంచి వచ్చినవారిలో ఎక్కువమంది దెబ్బతిన్నారట. నిజమేనా?

ఈ మాట ఎంతగా పాతుకుపోయిందంటే, పేర్లు లెక్కపెట్టేవారే కనిపించరు. ఒకసారి లెక్కపెడదాం. కోబీ బ్రయంట్ 1996లో 13వ పిక్. ట్రేసీ మెక్‌గ్రేడీ 1997లో తొమ్మిదో పిక్. లెబ్రాన్ జేమ్స్ 2003లో, డ్వైట్ హోవార్డ్ 2004లో మొదటి పిక్‌లు. 2004 డ్రాఫ్ట్‌లో మొదటి 19 మందిలో ఎనిమిది మంది హైస్కూల్ కుర్రాళ్లే. 2005లో 40వ పిక్‌గా వచ్చిన మోంటా ఎల్లిస్, 45వ పిక్ లూయిస్ విలియమ్స్, 56వ పిక్ అమిర్ జాన్సన్ ముగ్గురూ ఏళ్ల తరబడి లీగ్‌లో నిలబడ్డారు. రెండో రౌండు నుంచి ఒకే డ్రాఫ్ట్‌లో ముగ్గురు అలా దొరకడం అరుదు.

నష్టపోయినవారూ ఉన్నారు. కొర్లియోన్ యంగ్ 1998లో 40వ పిక్‌గా వచ్చి మూడు మ్యాచ్‌లకే పరిమితమయ్యాడు. తొందరపడి పేరు ఇచ్చి, ఎవరూ తీసుకోక కాలేజీ అవకాశం కూడా చేజార్చుకున్నవారి కథలు వింటే మనసు చివుక్కుమంటుంది. కానీ మూడేళ్లు కాలేజీలో ఆడి 2006లో మూడో పిక్‌గా వచ్చిన ఆడమ్ మారిసన్, 2009లో రెండో పిక్‌గా వచ్చిన హషీమ్ థబీట్ కూడా నిలబడలేదు. వారి వైఫల్యానికి ఎవరూ వయసును కారణంగా చూపలేదు.

ఇప్పుడు స్కౌట్లు హైస్కూల్ మ్యాచ్‌లకు వెళ్లకూడదా?

మామూలు హైస్కూల్ మ్యాచ్‌లకు వెళ్లకూడదు. లీగ్ అనుమతించిన కొన్ని వేదికలకే వెళ్లవచ్చు: నైకీ హూప్ సమ్మిట్, మెక్‌డొనాల్డ్స్ ఆల్ అమెరికన్ ఆట, అమెరికా జూనియర్ జాతీయ జట్టు శిబిరాల వంటివి. అర్హత రాని ఆటగాడి గురించి జట్టు అధికారులు బహిరంగంగా మాట్లాడినా, కుటుంబంతో హద్దు మీరి పరిచయం పెంచుకున్నా జరిమానా పడుతుంది. 2007లో కెవిన్ డురాంట్ కుటుంబం విషయంలో బోస్టన్ అధికారి డానీ ఏంజ్ 30 వేల డాలర్లు కట్టారు.

దీని ఫలితం విచిత్రమైనది. స్కౌట్ ఒక కుర్రాణ్ని కళ్లారా చూసేది ఏడాదిలో రెండు మూడుసార్లే. మిగతాదంతా వీడియో, లేదా ఇతరులు తయారుచేసిన ర్యాంకులు. 16 ఏళ్ల వయసులో పడిన ఆ ర్యాంకు కుర్రాణ్ని డ్రాఫ్ట్ గది దాకా వెంటాడుతుంది.

## మధ్యలో ఉన్న ఏడాది

ఒక్క ఏడాది కాలేజీ ఆట చూస్తే కొత్తగా ఏం తెలుస్తుంది?

కొన్ని విషయాలు బాగా తెలుస్తాయి. తనంత ఎత్తున్న, తనకన్నా మూడేళ్లు పెద్దవాళ్ల మీద నిలబడగలడా? ప్రత్యర్థి తన కోసమే వ్యూహం పన్నినప్పుడు ఏం చేస్తాడు? తాను తార కాని రాత్రి రక్షణలో కష్టపడతాడా? హైస్కూల్ జిమ్‌లో వీటికి జవాబు దొరకదు. శరీరం కూడా ఒక రూపానికి వస్తుంది. ఆంథనీ డేవిస్ హైస్కూల్‌లో ఉండగానే ఆరడుగుల మూడంగుళాల దగ్గరి నుంచి ఆరడుగుల పదంగుళాలకు పెరిగాడు. గార్డుగా (బంతిని నడిపించే పొట్టి ఆటగాడిగా) నేర్చిన బంతి నడక అలాగే ఉండిపోయింది. 2012లో మొదటి పిక్ అయ్యాడు.

తెలియనివీ ఉన్నాయి, షూటింగ్ అందులో ముఖ్యమైనది. ఒక సీజన్‌లో కుర్రాడు మూడు పాయింట్ల షాట్లు 120 ప్రయత్నించి 42 వేశాడనుకోండి, అది 35 శాతం. ఇంకో ఐదు పడితే 39 శాతం. ఆ ఐదు బంతుల తేడా మీద అతన్ని మంచి షూటర్ అనడమో, కాదనడమో జరిగిపోతుంది. అందుకే అనుభవమున్న స్కౌట్లు ఫ్రీ త్రోల (ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్ల) శాతాన్ని, చేతి ఒడుపును ఎక్కువగా నమ్ముతారు. పైగా మూడు పాయింట్లకు కాలేజీ గీత 6.75 మీటర్ల దూరం, ఎన్‌బీఏ గీత 7.24 మీటర్లు. కాలేజీలో ఒక్కో దాడిలో షాట్ వేయడానికి 30 సెకన్లు, ఎన్‌బీఏలో 24. ఆట పేరు ఒకటే అయినా లెక్కలను యథాతథంగా మోసుకెళ్లలేం.

ఆ ఒక్క ఏడాదీ గాయంతో పోతే స్కౌట్లు దేన్ని చూస్తారు?

హైస్కూల్ నాటి పాత నోట్సునే తీస్తారు. కైరీ ఇర్వింగ్ డ్యూక్ యూనివర్సిటీలో ఆడినవి 11 మ్యాచ్‌లు, 2011లో మొదటి పిక్. డేరియస్ గార్లండ్ ఐదు మ్యాచ్‌లు, 2019లో ఐదో పిక్. జేమ్స్ వైస్‌మన్‌ది గాయం కాదు, అర్హత వివాదం. మూడే మ్యాచ్‌లు ఆడి 2020లో రెండో పిక్ అయ్యాడు.

ఎక్కువగా నష్టపోయినవాడు మైకేల్ పోర్టర్ జూనియర్. హైస్కూల్ ముగిసేనాటికి తన తరంలో అగ్రశ్రేణిలో ఉన్నాడు. కాలేజీ మొదటి మ్యాచ్‌లోనే వెన్ను దెబ్బతిని శస్త్రచికిత్స జరిగింది, మొత్తం ఆడినవి మూడే మ్యాచ్‌లు. 2018లో 14వ పిక్ దాకా జారిపోయాడు. వయోపరిమితి లేకపోతే 2017లోనే, వెన్ను బాగున్నప్పుడే, పైస్థానంలో వెళ్లి ఉండేవాడని నా నమ్మకం. ఒక ఏడాది ఎక్కువ చూసి జట్లు జాగ్రత్తపడ్డాయి, ఆ జాగ్రత్తకు మూల్యం కట్టింది కుర్రాడు.

కాలేజీకి వెళ్లకుండా ఆ ఏడాది గడపవచ్చా?

గడపవచ్చు, చాలామంది గడిపారు. బ్రాండన్ జెన్నింగ్స్ 2008లో ఇటలీలోని రోమా జట్టుకు వెళ్లి, 2009లో పదో పిక్ అయ్యాడు. లామెలో బాల్ ఆస్ట్రేలియాలో ఇల్లవారా తరఫున 12 మ్యాచ్‌లు ఆడి 2020లో మూడో పిక్. ఆన్ఫర్నీ సైమన్స్ హైస్కూల్ తర్వాత ఐఎంజీ అకాడమీలో ఒక ఏడాది ఉండి 2018లో 24వ పిక్‌గా పోర్ట్‌లండ్ చేరాడు.

2020లో ఎన్‌బీఏయే తన కింది స్థాయి లీగ్ అయిన జీ లీగ్‌లో ఇగ్నైట్ అనే జట్టు పెట్టింది. జేలెన్ గ్రీన్, స్కూట్ హెండర్సన్ అక్కడి నుంచి వచ్చినవారే. స్కౌట్లకు ఆ జట్టు వరం లాంటిది: ఎన్‌బీఏ నియమాలు, ఎన్‌బీఏ గీత, ఎదురుగా జీతం తీసుకునే పెద్దవాళ్లు. కాలేజీలోనే డబ్బు దొరకడం మొదలయ్యాక కుర్రాళ్లు అటు మళ్లారు, 2024లో ఇగ్నైట్ మూతపడింది.

యూరప్ ఆటగాళ్లను అంచనా వేయడం సులువా, కష్టమా?

సమాచారం ఎక్కువ, నమ్మకం తక్కువ. లూకా డాన్చిచ్ 16 ఏళ్లకే రియల్ మాడ్రిడ్ సీనియర్ జట్టుకు ఆడాడు, 19 ఏళ్లకు యూరోలీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు. ఏ అమెరికా కుర్రాడికీ లేనంత గట్టి రుజువు అది. అయినా 2018లో రెండు జట్లు అతన్ని దాటవేశాయి. నికోలా యోకిచ్ 2014లో 41వ పిక్. కుర్రాడు పెద్దవాళ్ల మధ్య ఆడేది రాత్రికి పది నిమిషాలే అయినప్పుడు, ఆ పది నిమిషాలను ఎలా చదవాలో తెలియడమే యూరప్ స్కౌట్ నైపుణ్యం. డర్క్ నోవిట్స్కీ సంగతి వేరు. 1998 హూప్ సమ్మిట్‌లో అమెరికా కుర్రాళ్ల మీద 33 పాయింట్లు కొట్టి ఒక్క రాత్రిలో అందరి కళ్లూ తెరిపించాడు.

## డ్రాఫ్ట్ గదిలో

19 ఏళ్ల వాడూ 22 ఏళ్ల వాడూ ఒకే అంకెలు చూపిస్తే ఎవరిని తీసుకుంటారు?

దాదాపు ఎప్పుడూ చిన్నవాణ్నే. పెద్దవాడు తనకన్నా చిన్నవాళ్ల మీద, చిన్నవాడు తనకన్నా పెద్దవాళ్ల మీద ఆడి ఆ అంకెలు తెచ్చారు. పైగా చిన్నవాడికి ఎదుగుదల మిగిలి ఉంటుంది. వయోపరిమితి ఈ ఆలోచనను మరింత బలపరిచింది: 2010 నుంచి 2022 వరకు ప్రతి మొదటి పిక్ కూడా కాలేజీలో ఒక్క ఏడాది ఆడినవాడే.

పుట్టినతేదీకి ఎంత విలువుందో బడ్డీ హీల్డ్ ఉదంతం చెబుతుంది. 2016లో ఆరో పిక్‌గా వచ్చేటప్పుడు అతని వయసు 22 అనుకున్నారు. నిజానికి 23 అని 2018లో బయటపడింది. ఏడో పిక్ జమాల్ ముర్రేకు అప్పుడు 19.

అయితే పెద్దవాళ్లను స్కౌట్లు చిన్నచూపు చూస్తున్నారా?

చూస్తున్నారనే నా అభిప్రాయం. జిమ్మీ బట్లర్ 30వ పిక్, డ్రేమండ్ గ్రీన్ 35వ, జేలెన్ బ్రన్సన్ 33వ. వర్జీనియా యూనివర్సిటీలో ఐదేళ్లు గడిపిన మాల్కమ్ బ్రాగ్డన్ 36వ పిక్‌గా వచ్చి ఆ సీజన్‌లోనే ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. ఎదుగుదల 22 దగ్గర ఆగిపోతుందన్న లెక్క మనుషుల విషయంలో తప్పుతుంది.

వైద్య పరీక్షలకూ వయోపరిమితికీ సంబంధమేమిటి?

2019లో వయసును 18కి దించే ప్రతిపాదనను లీగ్ సంఘం ముందు పెట్టింది. బదులుగా ఆటగాళ్లందరూ కంబైన్‌కు (డ్రాఫ్ట్‌కు ముందు కొలతలు, పరీక్షలు జరిగే శిబిరానికి) రావాలనీ, వైద్య వివరాలు జట్లన్నిటికీ ఇవ్వాలనీ కోరింది. ఏజెంట్లకు అది రుచించలేదు, ఎందుకంటే వివరాలు కొందరికే ఇచ్చి ఆటగాణ్ని నచ్చిన జట్టు వైపు నడిపించడం వారి చేతిలోని ఆయుధం. 2023 ఒప్పందంలో వైద్య పరీక్షల నియమం వచ్చింది, వయసు మాత్రం 19 దగ్గరే ఉంది. లీగ్ అడిగింది లీగ్‌కు దక్కింది, కుర్రాళ్లకు రావలసింది రాలేదు.

ఒక్క ఏడాది ఆలస్యమైతే ఆటగాడికి అంత నష్టమా?

పోయేది మొదటి ఏడాది జీతం కాదు. మొదటి రౌండు ఆటగాడి తొలి ఒప్పందం నాలుగేళ్లు, అంకెలు ముందే నిర్ణయమై ఉంటాయి. అసలు డబ్బు రెండో ఒప్పందంతో మొదలవుతుంది. గరిష్ఠ జీతం కూడా అనుభవాన్ని బట్టే పెరుగుతుంది: ఆరేళ్ల వరకు జట్టు జీతాల పరిమితిలో 25 శాతం, ఏడు నుంచి తొమ్మిదేళ్లకు 30, పదేళ్లు నిండితే 35. ఒక ఏడాది ఆలస్యంగా వచ్చినవాడు ప్రతి మెట్టూ ఒక ఏడాది ఆలస్యంగానే ఎక్కుతాడు.

## ఇకముందు

కాలేజీలోనే డబ్బు వస్తోంది కదా, ఇక ఈ చర్చ అవసరమా?

చర్చ తీవ్రత తగ్గింది. 2021 జులై నుంచి కాలేజీ ఆటగాళ్లు ప్రకటనల వంటివాటితో తమ పేరు మీద సంపాదించుకోవచ్చు. 2025 నుంచి కాలేజీలే నేరుగా చెల్లిస్తున్నాయి. కాలేజీలో ఆడే గడువు మిగిలి ఉండగానే డ్రాఫ్ట్‌కు పేరిచ్చినవారు 2021లో 353 మంది, 2025లో 106 మందే. కొవిడ్ వల్ల కాలేజీ ఆటగాళ్లకు ఒక ఏడాది అదనంగా లభించడం కూడా 2021 అంకెను పెంచింది. స్కౌట్లకు ఇది మంచిదే, కుర్రాళ్లను ఎక్కువకాలం చూడగలుగుతారు. రెండో రౌండు స్థాయి ఆటగాడికీ మంచిదే. మొదటి ఐదుగురిలో ఉండేవాడికి మాత్రం ఇదివరకటి సమస్య అలాగే ఉంది.

వయసును 18కి దించితే స్కౌటింగ్ ఎలా మారుతుంది?

మార్పు వచ్చిన ఏడాది ఒకే డ్రాఫ్ట్‌లో రెండు తరాలు కలుస్తాయి: ఏడాది కాలేజీ ముగించినవారు, హైస్కూల్ అప్పుడే దాటినవారు. 2022లో అలా జరుగుతుందని ఊహించి కొన్ని జట్లు ఆ ఏడాది పిక్‌ల మీద కన్నేశాయి, అది జరగలేదు. జరిగితే జట్లు హైస్కూల్ స్థాయికి మళ్లీ స్కౌట్లను పెంచుకోవాలి. 1995 నాటితో పోలిస్తే ఇప్పుడు జీ లీగ్ ఉంది, ఎన్‌బీఏ, జీ లీగ్ రెండింటిలోనూ ఆడించడానికి 2017లో వచ్చిన టూ వే ఒప్పందాలు ఉన్నాయి. 18 ఏళ్ల వాణ్ని తీసుకుని ఓపికగా తీర్చిదిద్దే ఏర్పాటు నాడు లేదు.

మన దేశం నుంచి ఎవరైనా ఈ దారిలో వెళ్లారా?

పంజాబ్‌లోని బల్లో కే గ్రామం నుంచి సత్నామ్ సింగ్ ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీకి వెళ్లి, కాలేజీ ఆడకుండానే 2015లో డాలస్‌కు 52వ పిక్ అయ్యాడు. భారత్‌లో పుట్టి డ్రాఫ్ట్ అయిన మొదటి ఆటగాడు అతనే. ఢిల్లీ సమీపంలోని ఎన్‌బీఏ అకాడమీ నుంచి ప్రిన్స్‌పాల్ సింగ్ 2020లో ఇగ్నైట్ జట్టులో చేరాడు.

మా అబ్బాయి 2010 జనవరిలో పుట్టాడు, న్యూజెర్సీలో 2028లో హైస్కూల్ ముగుస్తుంది. ఒక ఏడాది ముందే ముగిస్తే డ్రాఫ్ట్‌కు లాభమా?

లాభం లేదు. 2027లో ముగించినా 19 నిండే సంవత్సరం 2029. మామూలుగా 2028లో ముగించినా ఒక సీజన్ గడిచేసరికి అదే 2029 వస్తుంది. అదే 2009 డిసెంబరులో పుట్టి ఉంటే ముందే ముగించడం వల్ల 2028 డ్రాఫ్ట్ అందేది. ఈ వయసులో మీ అబ్బాయి ఆట చూసేది ఎన్‌బీఏ స్కౌట్లు కాదు, కాలేజీ కోచ్‌లు. పై స్థాయి కాలేజీ జట్టులో ఆడాలంటే కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ చెప్పిన 16 ముఖ్య సబ్జెక్టు కోర్సులు పూర్తిచేయాలి. హైస్కూల్‌ను మూడేళ్లకు కుదిస్తే వాటినీ మూడేళ్లలోనే ముగించాలి కాబట్టి, నిర్ణయం తీసుకునే ముందు స్కూల్ కౌన్సెలర్‌తో కూర్చుని ఆ జాబితా సరిచూసుకోండి.